వారానికి ఒకటంటే వారానికి ఒకటే

(కాకినాడలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఫోన్లో అడిగినట్టే చాలామంది మందుల సంచులు వెంట తెచ్చుకున్నారు. చాలా సంతోషం. వాటిని కాసేపు ఒళ్లోనే ఉంచుకోండి, చివర్లో వాటితో పని ఉంది.

విటమిన్ డి గురించి చెప్పమన్నారు. ముందు మా ఇంట్లో జరిగిన విషయం చెబుతాను. మా మేనత్తకు అప్పటికి 71 ఏళ్లు. మోకాళ్లు పీకుతున్నాయని, కింద కూర్చుంటే లేవలేకపోతున్నానని దగ్గర్లోని డాక్టరుకు చూపించుకుంది. రక్తపరీక్షలో విటమిన్ డి 9 వచ్చింది, కనీసం 20 ఉండాలి. ఆయన 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు రాశారు, వారానికి ఒకటి, 8 వారాలు. అది సరైన వైద్యమే. కానీ చీటీ మీద రాసింది మందుల షాపులో ఇంకోలా అర్థమైంది. ప్యాకెట్ కవరు మీద పెన్నుతో ‘1’ అని మాత్రమే వేసి ఇచ్చారు. మా అత్త రోజూ రాత్రి పాలల్లో ఒకటి కలుపుకుని తాగింది. అయిపోతే మళ్లీ తెప్పించుకుంది. రెండు నెలలు అలా గడిచాయి.

మూడో నెలలో ఆకలి పోయింది. వాంతులు, మలబద్ధకం, ఎంత తాగినా తీరని దాహం, గంటగంటకూ మూత్రం. షుగర్ వచ్చిందేమో అనుకున్నారు. ఒకరోజు కొడుకు పేరే తడబడింది. అప్పుడు నాకు ఫోన్ చేశారు. ఆసుపత్రిలో చేర్చి చూస్తే రక్తంలో కాల్షియం 14 దాటి ఉంది. మామూలుగా 8.5 నుంచి 10.5 మధ్య ఉండాలి. విటమిన్ డి మితిమీరితే కాల్షియం ఇలా పెరిగిపోతుంది. కిడ్నీలు కూడా దెబ్బతినడం మొదలైంది. సెలైన్లు, ఇంజెక్షన్లు, 11 రోజులు ఆసుపత్రిలోనే ఉంది. 8 వారాల్లో 4,80,000 యూనిట్లు వెళ్లాల్సిన ఒంట్లోకి 30 లక్షలకు పైగా వెళ్లాయి. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి మందు ఆపేసినా నెలల తరబడి కాల్షియం చూసుకుంటూ ఉండాల్సి వచ్చింది.

మా అత్త ఇప్పుడు బాగానే ఉంది. అయినా ఆ రోజుల్లో నన్ను నేను చాలా తిట్టుకున్నాను. డాక్టరునై ఉండి, వారం వారం ఫోన్లో మాట్లాడుతూ కూడా, ఏ మందు ఎలా వేసుకుంటున్నావని ఒక్కసారి అడగలేదు. అందుకే ఈ విషయం మీద ఎవరు పిలిచినా వెళుతున్నాను. ఈ లోపాన్ని సరిచేయడం చాలా తేలిక. కష్టమంతా కొలత తప్పకుండా చూసుకోవడంలోనే ఉంది.

సరే, అసలు ఇంత ఎండలో బతికే మనకు ఈ లోపం ఎందుకు? మీలో చాలామందికి ఇదే సందేహం ఉంటుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం మన ప్రాంతపు జనం మీదే దీన్ని పరిశీలించి 2007లో ప్రచురించింది. ఆరోగ్యంగా తిరిగే మామూలు మనుషుల్లోనే, పట్నంలోనూ పల్లెలోనూ, విటమిన్ డి తక్కువగా కనిపించింది. పొలం పనికి వెళ్లేవాళ్లలో పట్నంవాళ్ల కంటే నయం, అయినా చాలినంత లేదు. దానికి తోడు మన తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యాల్లో ఉండే ఫైటేట్ ఎక్కువ అని కూడా తేలింది. ఈ ఫైటేట్ పేగులో కాల్షియంను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. కాల్షియం సరిగా అందకపోతే ఉన్న కాస్త విటమిన్ డి కూడా త్వరగా ఖర్చయిపోతుంది. కాబట్టి విటమిన్ డి ఒక్కటే పోసి, పళ్లెంలో కాల్షియం సంగతి వదిలేస్తే సగం పనే అవుతుంది.

చర్మంలో కొలెస్ట్రాల్ జాతి పదార్థం ఒకటి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ‘బి’ రకం దాని మీద పడితే విటమిన్ డి తయారవుతుంది. అది కాలేయానికి వెళ్లి ఒక మార్పు, కిడ్నీకి వెళ్లి ఇంకో మార్పు పొందాక పనిలోకి దిగుతుంది. కాలేయం, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు మందు వేరేగా ఎందుకు రాస్తారో ఇప్పుడు మీకు అర్థమైంది కదా. ఇక ఆ ‘బి’ రకం కిరణాలు సూర్యుడు బాగా పైకి వచ్చినప్పుడే నేలకు చేరతాయి. పొద్దున్న ఆరున్నరకు బీచ్ రోడ్డులో నడిచేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ నడక గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, మనసుకు మంచిది. విటమిన్ డి మాత్రం ఆ వేళ దాదాపు రాదు. తిరుపతిలోనే చేసిన ఇంకో పరిశీలనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు ఎండలోనే అది బాగా తయారవుతుందని తేలింది.

గడియారం అక్కర్లేని గుర్తు ఒకటుంది. ఎండలో నిలబడి మీ నీడ చూడండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది, పొడుగ్గా ఉంటే రాదు. మన కాకినాడకు ఇందులో ఒక విశేషం కూడా ఉంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన పక్కనుంచే పోతుంది. అందువల్ల మన గడియారంలో పన్నెండు కొట్టినప్పుడే సూర్యుడు ఇంచుమించు నడినెత్తికి వస్తాడు. మే నెలలో తొమ్మిదింటికల్లా నీడ పొట్టిదవుతుంది. డిసెంబరులో పదకొండు దగ్గర నుంచి ఒంటిగంట దాకా మాత్రమే ఆ అవకాశం.

మధ్యాహ్నం ఎండ మంచిదన్నారు కదా అని మే నెలలో పన్నెండింటికి మేడ మీద కూర్చోకండి. అది వడదెబ్బ. డెబ్బై దాటినవాళ్లకు వడదెబ్బ ప్రాణాపాయం, విటమిన్ డి తక్కువైతే కాదు. వేసవిలో తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య చాలు. చలికాలంలో పదకొండు దాటాక ఒక అరగంట. చేతులు భుజాల దాకా, కాళ్లు మోకాళ్ల దాకా ఎండ తగలాలి. ముఖం, అరచేతులు మాత్రమే తగిలితే సరిపోదు. అద్దం వెనక కూర్చుంటే అసలు రాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. కారులో, అద్దాల బాల్కనీలో ఒళ్లు వెచ్చబడుతుంది తప్ప ఇంకేమీ ఉండదు. ఇంకొకటి, వయసు పెరిగేకొద్దీ చర్మంలో ముడిసరుకు తగ్గిపోతుంది. ఇరవై ఏళ్ల మనవడికి పావుగంటలో తయారయ్యేది మనకు చాలాసేపు కూర్చున్నా రాదు. మన ఛాయకు కూడా తెల్లవాళ్ల కంటే ఎక్కువసేపు ఎండ కావాలి. ఇంట్లో ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నిండుగా చీర, పొద్దంతా వంటగది, సాయంత్రం గుడి. ఎండ తగిలే వేళ ఎక్కడుంది? నా దగ్గరికి ఒళ్లు నొప్పులని వచ్చే అమ్మల్లో ఎంతమంది ఇలా ఉన్నారో చూస్తుంటే బాధేస్తుంది. కింద కూర్చుని లేవడానికి గోడ పట్టుకోవడం, మెట్లెక్కడానికి తొడలు సహకరించకపోవడం, కాలి ఎముక మీద నొక్కితే కలుక్కుమనడం, వీటన్నిటినీ ‘వయసు’ అని సరిపెట్టుకుంటారు. అన్నీ విటమిన్ డి వల్లే కావు, కానీ కొన్ని దాని వల్లే. అవి తగ్గేవి.

ఇక తిండి. మన ఊరికి ఇందులో దేవుడిచ్చిన వరం సముద్రం. నూనె ఉన్న చేపల్లో విటమిన్ డి బాగా ఉంటుంది. కవళ్లు, కానాగంతలు అలాంటివే. చవగ్గా దొరుకుతాయి కాబట్టి వాటిని చిన్నచూపు చూస్తాం. పులస తిన్నా మంచిదే, అందులోనూ నూనె ఉంది, కానీ దానికోసం వేలకు వేలు ఖర్చుపెట్టనక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు ఈ చిన్న చేపల పులుసు పెట్టుకోండి. వేపుడు కంటే పులుసే నయం. మెత్తబడిన చిన్న ముళ్లు కూడా నమిలి తినగలిగితే కాల్షియం కూడా వస్తుంది.

గుడ్డులో విటమిన్ డి అంతా పచ్చసొనలోనే ఉంటుంది. కొలెస్ట్రాల్ భయంతో సొన తీసేసి తెల్లది తింటే ఈ లెక్కలో ఏమీ రానట్టే. అయితే ఒక గుడ్డులో ఉండేది సుమారు 40 యూనిట్లే. మామూలు పాలల్లో చాలా కొద్దిగా ఉంటుంది. ప్యాకెట్ మీద నీలం రంగులో ప్లస్ గుర్తు, పక్కన ‘ఎఫ్’ అక్షరం ఉంటే అందులో విటమిన్ ఎ, డి కలిపారని అర్థం. కలిపిన పాలల్లో లీటరుకు 200 నుంచి 300 యూనిట్ల దాకా ఉంటుంది. వంట నూనె ప్యాకెట్ మీద కూడా అదే గుర్తు చూసి కొనండి. అలాంటి నూనె మనిషికి రోజుకు నాలుగు చెంచాలు వాడితే దాదాపు 100 యూనిట్లు వస్తాయి. పుట్టగొడుగులు తినేవాళ్లు వండేముందు వాటిని తిరగేసి, కిందివైపు పైకి వచ్చేలా పెట్టి, మధ్యాహ్నం ఎండలో కాసేపు ఉంచండి. మన చర్మంలో జరిగినట్టే వాటిలోనూ విటమిన్ డి తయారవుతుంది.

ఇప్పుడు శాకాహారి ఇంట్లో ఒక రోజు లెక్క వేద్దాం. రెండు గ్లాసుల కలిపిన పాలు, 100. నూనె ద్వారా ఇంకో 100. అక్కడితో ఆగిపోయింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు, అరవై దాటితే 800. మిగతా 600 ఎక్కడినుంచి తెస్తారు? తిండి మంచిదే, తప్పకుండా సరిచేసుకోవాలి, కానీ తిండి ఒక్కదానితోనే ఈ లోపం పోతుందని నేను మీకు మాటివ్వలేను.

తిండి బలంగా సాయపడేది కాల్షియం వైపు. 2020 సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, అరవై దాటితే 1200 కావాలి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మన పెద్దలు రాగిపిండిని నీళ్లలో కలిపి, రాత్రంతా పులియబెట్టి, పొద్దున్నే అంబలి కాచేవాళ్లు. పులిస్తే, మొలకెత్తిస్తే ఫైటేట్ తగ్గుతుంది. ఇడ్లీ, దోసె పిండి పులియడంలోనూ ఇదే మేలుంది. నువ్వులు, మునగాకు, పెరుగు, మజ్జిగ, ఇవన్నీ మన ఇళ్లలో ఉన్నవే. నువ్వుల పొడి రోజుకో చెంచా అన్నంలో కలుపుకోండి. దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు.

ఇక మందుల మాట. రక్తపరీక్ష చేయించుకుంటే ‘25-హైడ్రాక్సీ విటమిన్ డి’ అని ఉందో లేదో చూడండి. ‘1,25’ అని ఇంకో పరీక్ష ఉంటుంది, లోపం తెలుసుకోవడానికి అది పనికిరాదు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపం అంటాం. 20కి 30కి మధ్య వస్తే టెన్షన్ పడకండి. చాలా ల్యాబ్ రిపోర్టుల్లో 30 లోపు ఏది వచ్చినా ఎర్ర అక్షరాల్లో వేస్తారు. 20 దాటితే చాలామంది ఎముకలకు సరిపోతుందని నిపుణుల కమిటీలు చెప్పినవి కూడా ఉన్నాయి. 2024లో అమెరికాలోని హార్మోన్ల వైద్య నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఊరికే ఈ పరీక్ష చేయవద్దన్నాయి. 75 దాటినవాళ్లు పరీక్షతో నిమిత్తం లేకుండా రోజూ తక్కువ మోతాదు తీసుకోవచ్చని కూడా అవే చెప్పాయి. పెద్దవయసులో అప్పుడప్పుడూ పెద్ద డోసుల కంటే రోజూ చిన్న డోసు మేలని వాటి అభిప్రాయం. నాదీ అదే.

నిజంగా లోపం ఉన్నవాళ్లకు మొదట నింపాలి. మన దేశంలో దానికి వాడుకలో ఉన్న పద్ధతి మీకు తెలిసిందే, 60,000 యూనిట్లు, వారానికి ఒకటి, సాధారణంగా 8 వారాలు. మీ డాక్టరు కొంచెం అటూ ఇటూ మార్చవచ్చు. తర్వాత నిలబెట్టుకోవడానికి రోజుకు 1000 లేదా 2000 యూనిట్ల మాత్ర, లేదంటే నెలకొక 60,000 ప్యాకెట్. నెలకొకటి అంటే రోజుకు 2000 లెక్క. వారానికి ఒకటంటే రోజుకు దాదాపు 8,500. రోజుకొకటి అంటే? 60,000. ఆరోగ్యవంతుడికి రోజూ కావలసిన దానికి వంద రెట్లు. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా రోజుకు 4000 దాటవద్దన్నది పరిమితి. ఈ అంకెలు ఒక్కసారి మనసులో తిప్పుకోండి, మా అత్తకు ఏం జరిగిందో తెలుస్తుంది.

వేసుకునేటప్పుడు భోజనం తర్వాత వేసుకోండి. ఇది కొవ్వులో కరిగే విటమిన్, నెయ్యో నూనో ఉన్న భోజనంతో బాగా ఒంటబడుతుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుంటే అంత ప్రయోజనం ఉండదు. మళ్లీ పరీక్ష మూడు నెలల తర్వాతే. రెండు వారాలకే చేయించుకుంటే డబ్బు దండగ, అంకె ఇంకా కుదురుకోదు.

బలం సూదుల గురించి కూడా చెప్పాలి. 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్కటి పొడిపించుకుంటే ఏడాది చూసుకోనక్కర్లేదని కొందరు చేయించుకుంటారు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన రెండు వేల మందికి పైగా మహిళలతో ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2010లో వచ్చాయి. సగం మందికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇచ్చారు. ఎముకలు గట్టిపడతాయనుకుంటే, వాళ్లే ఎక్కువసార్లు పడిపోయారు, వాళ్ల ఎముకలే ఎక్కువ విరిగాయి. ఒక్కసారి కుండ బోర్లించినట్టు పోయడం ఒంటికి పడదు.

విటమిన్ డి అన్నిటికీ మందని ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి కూడా మోసపోకండి. అమెరికాలో 25,871 మందితో దాదాపు అయిదేళ్లు పరీక్షించారు, రోజుకు 2000 యూనిట్లతో. క్యాన్సర్ రావడం గానీ, గుండెపోట్లు గానీ తగ్గలేదు. అంతకుముందు లోపం లేని మామూలు మనుషుల్లో ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. లోపం ఉన్నవాళ్లకే ఇది మందు. లేనివాళ్లు ఎక్కువ వేసుకుంటే ఎక్కువ బలం రాదు.

కిడ్నీలో రాళ్లు, కిడ్నీ జబ్బు, ఒకప్పుడు కాల్షియం ఎక్కువైన చరిత్ర ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టవద్దు. ఫిట్స్‌కి ఫెనిటోయిన్, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లలో విటమిన్ డి త్వరగా ఖర్చవుతుంది, డాక్టరుకు గుర్తుచేయండి. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి వాడేవాళ్లలో కాల్షియం పెరిగే అవకాశం ఉంటుంది. గుండెకు డిగాక్సిన్ వేసుకునేవాళ్లకు కాల్షియం పెరగడం ప్రమాదం.

ఇక మీ ప్రశ్నలు.

*పొద్దున్నే సూర్య నమస్కారాలు చేస్తున్నానండీ ఇరవై ఏళ్లుగా. అయినా నాకు 14 వచ్చింది.*

మాస్టారూ, మానకండి. మీ ఒళ్లు ఇంత చురుగ్గా ఉందంటే అది వాటి పుణ్యమే. విటమిన్ డి కోసం మాత్రం ఆ తర్వాత ఇంకోసారి, నీడ పొట్టిదయ్యాక, వరండా దాటి ఎండలోకి రండి. 14 అంటే మందు కూడా కావాలి, ఎండతోనే అంత లోటు పూడ్చే వయసు మనది కాదు.

*మేము శాకాహారులం. ఈ మందులు దేనితో చేస్తారు?*

మంచి ప్రశ్న అడిగారమ్మా, చాలామంది అడగడానికి మొహమాటపడతారు. మందుల్లో వాడే విటమిన్ డి ఎక్కువగా డి3 అనే రకం, దాన్ని చాలావరకు గొర్రెల ఉన్నిలోని జిడ్డు నుంచి తీస్తారు. గొర్రెను చంపనక్కర్లేదు, కత్తిరించిన ఉన్ని నుంచే వస్తుంది. మెత్తటి క్యాప్సూల్ పైపొర మాత్రం చాలావరకు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జెలటిన్. అది వద్దనుకుంటే పొడి ప్యాకెట్టో, నమిలే మాత్రో అడగండి. నాచులా కనిపించే లైకెన్ నుంచి తీసిన డి3, పుట్టగొడుగుల దారిలో తయారైన డి2 కూడా దొరుకుతాయి. డి2 కొంచెం తక్కువ నిలుస్తుంది, అంతే తేడా.

*అమ్మాయి దగ్గరికి బోస్టన్ వెళుతున్నాం, ఆరు నెలలు ఉంటాం.*

ఏ నెలల్లో? నవంబరు నుంచా. అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎంత ఎండ కాసినా చర్మంలో విటమిన్ డి తయారు కాదని 1988లోనే తేల్చారు. సూర్యుడు అంత వాలుగా ఉంటాడు. అందుకని రోజువారీ చిన్న మాత్ర తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడ కొంటే సీసా మీద మైక్రోగ్రాములు అని ఉంటుంది, కంగారు పడకండి. 25 మైక్రోగ్రాములంటే 1000 యూనిట్లు. తల్లిపాలు తాగే మనవడుంటే వాడికి రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు. ఇక్కడా అక్కడా అదే సలహా. చుక్కల మందు ఒక్కో సీసాలో ఒక్కో గాఢతలో ఉంటుంది, ఆ సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలవండి.

*మా ఆవిడ మొన్న ఆదివారం ప్యాకెట్ వేసుకుని, మర్చిపోయి నిన్న ఇంకోటి వేసుకుంది. ఏమైనా అవుతుందా?*

ఏమీ కాదు బాబాయ్ గారూ. ఒక్కటి అదనంగా వెళితే ప్రమాదం లేదు. వచ్చే ఆదివారం మానేసి, ఆ పై ఆదివారం నుంచి మామూలుగా వేయండి. ఈరోజు ఇంటికి వెళ్లాక గోడ మీది క్యాలెండర్‌లో ఇంకా వేసుకోవాల్సిన ఆదివారాలకు మాత్రమే సున్నా చుట్టండి. వేసుకున్న రోజు దాని మీద టిక్కు పెట్టండి. మిగిలిన ప్యాకెట్లు రోజువారీ మాత్రల డబ్బాలో కలపకుండా విడిగా ఉంచండి.

సరే, ఇప్పుడు సంచులు విప్పండి. నేను చూడాల్సింది మూడు చోట్ల. 60,000 అని ఉన్నది ఎన్నాళ్లకొకటి వేసుకుంటున్నారు? కాల్షియం మాత్ర వెనక అట్ట మీద విటమిన్ డి3 ఎన్ని యూనిట్లు అని ఉంది? బలానికి వాడే మల్టీవిటమిన్‌లో ఎంత ఉంది? ముగ్గురు డాక్టర్లు రాస్తే మూడు చోట్ల నుంచీ అదే విటమిన్ వెళుతుండవచ్చు. కళ్లజోడు తెచ్చుకోనివాళ్లు పక్కవాళ్ల చేత చదివించుకోండి. ముందు వరసలో ఎర్రంచు చీర కట్టుకున్న అమ్మా, మీ దగ్గర నుంచే మొదలుపెడదాం. ఆ పచ్చ ప్యాకెట్ ఇలా ఇవ్వండి.